షుగర్ ఉన్న లాటినో పేషెంటుకు చిగుళ్ల పాఠం: అమెరికాలోని తెలుగు డెంటిస్టులకు బహిరంగ లేఖ

అమెరికాలో లాటినో (లాటిన్ అమెరికా మూలాల) కుటుంబాలకు పళ్ల వైద్యం చేస్తున్న తెలుగు డెంటిస్టులకు, హైజీనిస్టులకు, క్లినిక్‌లు నడుపుతున్నవారికి నమస్కారం.

మన దగ్గర బీడీఎస్ చదివి, ఇక్కడికొచ్చి విదేశీ డెంటిస్టులకు ఉండే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సులో మళ్లీ రెండు మూడేళ్లు చదివి లైసెన్సు తెచ్చుకున్న తెలుగువాళ్లు టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో ఎందరో ఉన్నారు. మీలో చాలామంది కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో, మెడికెయిడ్ (తక్కువ ఆదాయంవారి ప్రభుత్వ బీమా) తీసుకునే క్లినిక్‌లలో పనిచేస్తున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చున్నవాళ్లంతా స్పానిష్ మాట్లాడేవాళ్లే అయిన రోజులు మీకు కొత్త కాదు. వాళ్లలో నలభై దాటినవారి హెల్త్ హిస్టరీ తిరగేస్తే షుగర్ మాత్రలు తరచూ కనబడతాయి. చిగుళ్లలో ప్రోబ్ (లోతు కొలిచే సన్న పరికరం) పెడితే రక్తం, ఎక్స్‌రేలో ఎముక తగ్గుదల. ఇదంతా మీకు తెలుసు. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాం.

మేం అడుగుతున్నది ఒక్కటే. షుగర్ ఉన్న లాటినో పేషెంటుకు చిగుళ్ల గురించి చెప్పడం చికిత్సలో భాగం. అది అపాయింట్‌మెంట్ చివర గ్లవ్స్ తీసేస్తూ చెప్పే రెండు ముక్కలతో, చేతిలో పెట్టే ఒక కరపత్రంతో అయ్యేది కాదు. స్కేలింగ్‌కు (గార తీసే పనికి) టైము కేటాయించినట్టే దీనికీ ఇరవై నిమిషాలు షెడ్యూల్‌లో రాసి పెట్టండి. వాళ్ల భాషలో చెప్పండి, వాళ్ల నోట్లోనే చూపించండి, వాళ్ల చేత్తోనే చేయించండి.

ముందు అంకెలు కొన్ని. అమెరికాలో ఒక మనిషికి జీవితకాలంలో టైప్ 2 డయాబెటిస్ వచ్చే అవకాశం 40 శాతమైతే, లాటినోలకు అది 50 శాతం పైనే అని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. బ్రాంక్స్, షికాగో, మయామీ, శాన్ డియేగో నగరాల్లో 2008–2011 మధ్య 16 వేల మందికి పైగా లాటినోలను పరీక్షించి ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. అందులో డయాబెటిస్ ఉన్నవాళ్లు 16.9 శాతం. మెక్సికో మూలాలవారిలో 18.3, దక్షిణ అమెరికా దేశాలవారిలో 10.2. కాబట్టి లాటినోలంటే అందరూ ఒకటే అనుకుని ఒకే కరపత్రం పంచితే కుదరదు. ఆ అధ్యయనంలోనే మీ కుర్చీకి నేరుగా సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది: డయాబెటిస్ ఉన్నవాళ్లలో ఆ సంగతి తమకు తెలుసన్నవాళ్లు 58.7 శాతమే. పదిమందిలో నలుగురు తెలియకుండానే తిరుగుతున్నారు. ఇక చిగుళ్ల విషయానికొస్తే, దేశంలో ముప్ఫై దాటి పళ్లున్నవాళ్లలో పెరియోడాంటైటిస్ (పంటిని పట్టి ఉంచే ఎముకను తినేసే చిగుళ్ల వ్యాధి) 42 శాతం మందికి ఉంటే, మెక్సికన్ అమెరికన్లలో దాదాపు 60 శాతం మందికి ఉంది.

షుగర్‌కూ చిగుళ్లకూ ఉన్న సంబంధం రెండువైపులా నడుస్తుందని మనం కాలేజీలోనే చదువుకున్నాం. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువైతే తెల్లరక్తకణాలు చురుకు తగ్గుతాయి, కొలాజెన్ సరిగ్గా కట్టుకోదు, పుండు మానదు, ఎముక త్వరగా కరుగుతుంది. అటునుంచి చిగుళ్లలో వాపు ఆగకుండా ఉంటే ఆ వాపు పదార్థాలు రక్తంలో కలిసి ఇన్సులిన్‌ను పనిచేయనివ్వవు. అందుకే 2018లో వచ్చిన పెరియోడాంటైటిస్ వర్గీకరణలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7 శాతం, అంతకు మించి ఉంటే వ్యాధి గ్రేడ్ సీకి, అంటే వేగంగా ముదిరే రకానికి వెళుతుంది. మరి ఇదంతా పేషెంటుకు చెప్పేదెలా? ఇంటర్‌ల్యూకిన్ లాంటి వాపు పదార్థాల పేరెత్తితే ఎవరికీ ఎక్కదు. కొలత చూపించండి. చిగుళ్ల వ్యాధి నోరంతా ఉన్న మనిషిలో పాకెట్ల (పంటికీ చిగురుకూ మధ్య లోతుగా ఏర్పడే సందుల) లోపలి పుండును విప్పి పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా వస్తుందని అంచనా. మీ అరచేయి మధ్యలో పెన్నుతో అంత గుండ్రం గీయండి. "ఇంత పుండు మీ పాదం మీద ఉంటే ఏం చేసేవారు?" అని అడగండి. షుగర్ ఉన్న లాటినో ఇంట్లో కాలి పుండంటే ఏమిటో, కాలు తీసేయడమంటే ఏమిటో తెలియనివారు అరుదు. బంధువుల్లో ఎవరో ఒకరికి జరిగే ఉంటుంది. ఆ పుండే నోట్లో ఉంది, కనబడదు, నొప్పి పుట్టదు అంటే వెంటనే అర్థమవుతుంది. అయితే భయపెట్టి అక్కడే వదిలేయకండి. తర్వాతి మాట తప్పకుండా "దీన్ని తగ్గించొచ్చు" అన్నదే కావాలి.

తగ్గుతుందనడానికి ఆధారం గట్టిదే. వైద్య పరిశోధనలను బేరీజువేసే కాక్రేన్ సంస్థ 2022లో తెచ్చిన సమీక్ష 35 అధ్యయనాలను కలిపి చూసింది. చిగుళ్లకు చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం పాయింట్లు తగ్గిందని తేల్చింది. ఆరు నెలలకు ఆ తగ్గుదల 0.30. పేషెంటుకు మాత్రం దీన్ని ఉన్నదున్నట్టు చెప్పండి. మాత్రలు మానేయొచ్చని కాదు. మాత్రలూ తిండీ నడకా చేసే పనికి ఇది తోడవుతుందని చెప్పండి. ఎక్కువ చేసి చెబితే మూడు నెలలకు అంకె కదలనప్పుడు మీ మాట మీదే నమ్మకం పోతుంది.

ఇప్పుడు కుర్చీ దగ్గర ఎక్కడ తప్పుతోందో చూద్దాం.

మొదటిది, అడిగే ప్రశ్న. "చిగుళ్లు బాగున్నాయా?" అంటే "బాగున్నాయి డాక్టర్" అన్న జవాబే వస్తుంది. పెద్దవాళ్లకు, చదువుకున్నవాళ్లకు ఎదురు చెప్పకపోవడం వాళ్లకు మర్యాద. మన పల్లెల్లో పెద్దలు డాక్టరు ముందు తలూపి ఇంటికెళ్లి తమకు తోచింది చేసినట్టే. అందుకే ప్రశ్న సూటిగా ఉండాలి: "లె సాంగ్రాన్ లాస్ ఎన్సియాస్ క్వాందో సె సెపీయా?", అంటే బ్రష్ చేసేటప్పుడు చిగుళ్లనుంచి రక్తం వస్తుందా అని. వస్తుందంటే, "అప్పుడేం చేస్తారు?" అని అడగండి. చాలామంది ఆ చోట బ్రష్ పెట్టడం మానేస్తారు. గాయం తగిలింది, మానేదాకా ముట్టుకోకూడదని వాళ్ల ఆలోచన. వినడానికి సబబుగానే ఉంటుంది. రక్తం వచ్చే చోటే పాచి ఉంది, అక్కడే మెత్తగా ఎక్కువసేపు తోమాలి, పది పదిహేను రోజుల్లో రక్తం తగ్గడం మీకే తెలుస్తుంది అని చెప్పాలి. ఆ పది పదిహేను రోజుల గడువు చెప్పకపోతే మూడో రోజే ఆపేస్తారు. లోతైన పాకెట్లున్నచోట బ్రష్ ఒక్కటే చాలదని, క్లీనింగ్ కూడా కావాలని అదే నోటితో చెప్పండి.

పెద్దవాళ్లెవరినైనా ఉస్తెద్ (మీరు) అనే పిలవండి. యాప్‌లో స్పానిష్ నేర్చుకున్నవాళ్లకు తూ (నువ్వు) అలవాటైపోతుంది. అరవై ఏళ్ల ఆవిడను మనం నువ్వు అన్నట్టుంటుంది అది.

రెండోది డీప్ క్లీనింగ్, అంటే చిగురు కింద గార తీయడం. నాలుగు భాగాలుగా చేస్తాం, మత్తిస్తాం, ఇంత ఖర్చు అనగానే పేషెంటు ముఖం మారిపోతుంది. "క్లీనింగ్‌కు వస్తే వెయ్యి డాలర్ల పని చెప్పారు" అని బయటికెళ్లి చెప్పుకుంటారు. వాళ్ల అనుమానానికి కారణాలున్నాయి, చిన్నబుచ్చుకోకండి. చార్టింగ్ చేసేటప్పుడు (పాకెట్ల లోతును మిల్లీమీటర్లలో రాసుకునేటప్పుడు) అంకెలను స్పానిష్‌లో పైకి చదవండి: ఒకటి, రెండు, మూడు అంటే బాగున్నట్టు; నాలుగు, అంతకు పైన అంటే బ్రష్ అందని లోతు అని ముందే చెప్పండి. సింకో, సేయిస్, సియెతె (ఐదు, ఆరు, ఏడు) అని తమ చెవులతో విన్నవాళ్లకు తర్వాత ఎక్కువ వివరించే పని ఉండదు.

డీప్ క్లీనింగ్ తర్వాత జరిగేదాన్ని ముందే చెప్పకపోవడం మేం తరచూ చూసే పెద్ద లోపం. వాపు తీసినప్పుడు చిగురు కిందికి దిగుతుంది, పళ్ల మధ్య నల్లగా సందులు కనబడతాయి, చల్లనీళ్లు జివ్వుమంటాయి. గట్టిగా పట్టుకున్న గార పోయేసరికి పన్ను కదిలినట్టూ అనిపిస్తుంది. చెప్పకపోతే పేషెంటు అనుకునేది ఒక్కటే: "క్లీనింగ్ చేసి నా పళ్లు పాడుచేశారు." ఆ మాట ఒక్కరితో ఆగదు. చర్చిలో, లాండ్రీలో, పొలం గట్టు మీద పాతికమందికి చేరుతుంది. క్లీనింగ్‌కు ముందే, అద్దం చేతికిచ్చి, "ఇక్కడ చిగురు ఉబ్బి ఉంది, తగ్గాక ఇక్కడ సందు కనబడుతుంది, అది పుండు మానుతున్న గుర్తు" అని చూపించండి. జివ్వుమనేది చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుందనీ, సెన్సిటివిటీ పేస్టు వాడొచ్చనీ చెప్పండి.

ఇక ఇరవై నిమిషాల పాఠం. మా అనుభవంలో నిలిచిన వరుస ఇది.

పేషెంటును కుర్చీలో వెనక్కి పడుకోబెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి, మీరూ ఎదురుగా అదే ఎత్తులో కూర్చోండి. మాస్కు తీసి మాట్లాడే వీలుంటే తీయండి. అద్దం పేషెంటు చేతిలో ఉండాలి. పాచికి రంగు పట్టే ద్రావణం రాయండి. ముందు మీరేమీ చెప్పకుండా, ఇంట్లో ఎలా తోముకుంటారో అలాగే తోమమనండి. ఒక నిమిషం తర్వాత రంగు ఎక్కడ మిగిలిందో వాళ్లనే చూపమనండి. మిగిలేది దాదాపు ఎప్పుడూ కింది ముందు పళ్ల లోపలివైపు, పై దవడ చివరి పళ్ల చెంపవైపు, పళ్ల సందుల్లో. అందుకే మేం కింది పళ్ల లోపలివైపునుంచే మొదలుపెట్టమంటాం. చివరికి వదిలేస్తే అది ఎప్పటికీ మిగిలిపోయే చోటు. మెత్తటి కుచ్చుల బ్రష్, కుచ్చులు సగం పంటి మీద సగం చిగురంచు మీద ఆనేలా 45 డిగ్రీల వాలు, ఒక్కో చోట పది చిన్న కదలికలు, నోటిలో పావుభాగానికి అర నిమిషం చొప్పున మొత్తం రెండు నిమిషాలు. బ్రష్‌ను పిడికిట్లో పట్టుకుంటే ఒత్తిడి పెరుగుతుంది, పెన్ను పట్టినట్టు పట్టుకోమనండి. పేస్టు బఠాణీ గింజంత చాలు, ఫ్లోరైడ్ 1,000 నుంచి 1,500 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని) ఉన్నది. తోమాక ఉమ్మేయాలి, నీళ్లతో పుక్కిలించకూడదు. ఈ చివరి మాట వింటే ముఖాలు చిట్లిస్తారు. పేస్టు అంతా కడిగేస్తే ఫ్లోరైడూ దాంతోపాటే పోతుందని చెబితే ఒప్పుకుంటారు.

సందులు తెరుచుకున్న నోటికి దారం (ఫ్లాస్) కంటే చిన్న సందు బ్రష్ (ఇంటర్‌డెంటల్ బ్రష్) మేలు. పాకెట్లున్న మనిషి సందుల్లో దారం పైపైన జారిపోతుంది, పంటి వేరు లోపలికి నొక్కుకున్న చోట పాచిని తాకదు. కొలత మీరే చూసివ్వాలి: కుచ్చులు రెండువైపులా కాస్త రాసుకుంటూ దూరాలి, మధ్యలోని తీగ పంటికి తగలకూడదు. ఒకే నోటికి రెండు సైజులు కావాల్సి రావొచ్చు. ముందు పళ్లకు ఏ రంగు, వెనక పళ్లకు ఏ రంగు అని నోటి బొమ్మ మీద అవే రంగులు పూసి ఇవ్వండి. నేరుగా దూర్చి రెండు మూడుసార్లు ముందుకు వెనక్కి ఆడించి తీయాలి, గుండ్రంగా తిప్పకూడదు, తీగ విరుగుతుంది. కడిగి ఆరబెట్టుకుంటే వారం పది రోజులు వస్తుంది. రోజుకొకటి పారేయాలనుకుని ఖర్చుకు భయపడి మానేసినవాళ్లున్నారు, కాబట్టి ఇది విడమర్చి చెప్పండి.

షుగర్ కళ్లను, చేతులను కూడా పట్టుకుంటుందని మరవకండి. రెటీనా దెబ్బతిన్న మనిషికి అద్దంలో రంగు కనబడదు. అలాంటివాళ్లకు నాలుకే అద్దం: తోమిన పన్ను నాలుకకు నున్నగా తగలాలి, గరగరలాడితే మళ్లీ తోమాలి. వేళ్లు మొద్దుబారినవాళ్లకు బ్రష్ పిడికి గుడ్డ చుట్టో, సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడిగో లావు చేసివ్వండి. బ్యాటరీ బ్రష్ కొనగలిగితే మంచిదే, కానీ దాన్ని కదపకుండా ఒక్కో పంటి మీద ఆపి ఉంచాలని చూపించాలి. మామూలు బ్రష్‌లా గబగబా రుద్దితే లాభం లేదు.

కట్టుడు పళ్లున్నవాళ్లకు వేరే మాటలు కావాలి. రాత్రి తీసి నీళ్లలో వేయాలి. మామూలు పేస్టుతో రుద్దితే గీతలు పడి అందులో ఫంగస్ చేరుతుంది, గిన్నెల సబ్బు చుక్కతో వేరే బ్రష్ పెట్టి కడగాలి. నోటి పై అంగిలి ఎర్రగా ఉండి పెదవుల మూలలు చిట్లితే అది కాండిడా అనే ఫంగస్ కావొచ్చు. షుగర్ అదుపులో లేనివాళ్లలో ఇది ఎక్కువ. పళ్ల సెట్టు తీసి ఎవరికైనా చూపించడానికి సిగ్గుపడతారు, ముఖ్యంగా కోడలి ముందో మనవల ముందో. ఆ పాఠం గది తలుపు మూసి చెప్పండి.

చివర్లో "అర్థమైందా?" అని అడగకండి. అవుననే అంటారు. "పారా ఎస్తార్ సెగూరా దె కె లో ఎస్ప్లికే బియెన్, మె మ్వెస్త్రా కోమో లో వా ఆ ఆసెర్ ఎన్ కాసా?" అనండి. నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవడానికి, ఇంట్లో ఎలా చేస్తారో నాకొకసారి చూపిస్తారా అని. అడిగే మీరు మగవాళ్లయితే సెగూరా బదులు సెగూరో అనాలి. పరీక్ష పేషెంటుకు కాదు, చెప్పిన మనకు. తప్పు చేస్తే దిద్ది మళ్లీ చేయించండి. ఒక్క విజిట్‌లో ఒక్క పని నేర్పితే చాలు. బ్రష్, సందు బ్రష్, నాలుక, పుక్కిలింత, తిండి అన్నీ ఒకేరోజు గుమ్మరిస్తే ఇంటికి ఏదీ చేరదు.

నోరు ఎండిపోవడం సంగతి ఎవరూ తమంత తాముగా చెప్పరు. మీ అద్దం చెంపకు అతుక్కుంటే, ఉమ్ము నురగలా ఉంటే అడగండి. షుగర్ ఎక్కువున్నా, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్ వాడుతున్నా నోరెండుతుంది. ఉపశమనానికి వాళ్లు చేసేది నిమ్మబద్ద చప్పరించడం, కారం చల్లిన చింతపండు మిఠాయి బుగ్గన పెట్టుకోవడం, సీసాలోని కోలా గుక్కగుక్కగా రోజంతా తాగడం. మూడూ పళ్ల వేర్లను తినేసేవే. 355 మిల్లీలీటర్ల కోకా కోలా డబ్బాలో 39 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒకేసారి తాగినదానికంటే నాలుగు గంటలు చప్పరించింది పంటికి ఎక్కువ చేటు, ఎందుకంటే ప్రతి గుక్క తర్వాతా అరగంట దాకా నోరు పుల్లగానే ఉంటుంది. వాటికి బదులు చెప్పాల్సినవి: మంచినీళ్ల గుక్కలు, జైలిటాల్ (పళ్లకు చేటు చేయని తీపి) గమ్, చిగురు దిగిన వేర్ల మీద మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్, పుప్పి త్వరగా వచ్చే నోటికి 5,000 పీపీఎం పేస్టు చీటీ. ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ దానికి అందకుండా పెట్టమనండి, దానికది విషం.

తిండి గురించి డైటీషియన్ చెబుతారు, మీరు మొత్తం మెనూ దిద్దబోకండి. మీ వంతు ఎన్నిసార్లు, ఎప్పుడు అన్నదే. రాత్రి కాఫీతో పాన్ దుల్సె (తీపి రొట్టె) తిని, బ్రష్ చేయకుండా పడుకోవడం, భోజనంలో ఓర్చాతా లేక ఆగ్వా ఫ్రెస్కా లాంటి తీపి పానీయం జగ్గు బల్ల మీద ఉండటం, ఈ రెండూ అడగండి. కాఫీలో వేసే పిలోన్సియో మన బెల్లమే. "అది చక్కెర కాదు, సహజమైనది" అన్న మాట మన అమ్మమ్మల నోట విన్నదే, ఇక్కడా వింటారు. బెల్లం తిన్నాక షుగర్ ఎంత పెరుగుతుందో సొంత ఇళ్లలో చూసిన మీరు దీన్ని ఇంకెవరికంటే చక్కగా చెప్పగలరు.

అపాయింట్‌మెంట్‌కు ఖాళీ కడుపుతో రావడం ఇంకో ప్రమాదం. డాక్టరు దగ్గరికంటే రక్తపరీక్షే అనుకుని ఎన్ ఆయూనాస్, అంటే పరగడుపున వస్తారు. పొద్దున షుగర్ తగ్గించే గ్లిపిజైడో ఇన్సులినో మాత్రం తీసుకునే వస్తారు. మత్తిచ్చి గంట పని చేశాక చెమటలు, వణుకు. ఫోన్ చేసేటప్పుడే "తిని రండి, మందు వేసుకుని రండి, మీటర్ తెచ్చుకోండి" అని స్పానిష్‌లో చెప్పించండి. కూర్చోగానే షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల చక్కెర, అంటే అర కప్పు జ్యూస్ ఇచ్చి 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. రాత్రిళ్లు షుగర్ పడిపోయి ఇంట్లో జ్యూస్ తాగేవాళ్లకు, తేరుకున్నాక నీళ్లతో నోరు పుక్కిలించమని చెప్పాలి. ఇది చాలామందికి ఎవరూ చెప్పని సంగతి.

ఉప్పునీళ్లు, లవంగం, బేకింగ్ సోడా వాడతామంటే కొట్టిపారేయకండి. ఉప్పునీటి పుక్కిలింత కాసేపు హాయినిస్తుంది, లవంగం నొప్పి తగ్గిస్తుంది. గారను మాత్రం ఏదీ తీయదు. షుగర్ ఒక పెద్ద భయం (స్పానిష్‌లో సుస్తో) వల్ల వచ్చిందని నమ్మేవాళ్లు ఉన్నారు. దాని మీద వాదన పెట్టుకోవద్దు. "ఎలా వచ్చినా, ఇప్పుడు చిగుళ్లకు మనం చేయాల్సింది ఇది" అని ముందుకు వెళ్లండి. పాత అమోక్సిసిలిన్ యాంటీబయాటిక్ మాత్రలు దాచుకుని చిగురు వాచినప్పుడల్లా రెండు వేసుకునే అలవాటు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి.

సరిహద్దు దాటి మెక్సికోలోని లాస్ అల్గొదోనెస్‌లోనో నువెవో ప్రొగ్రెసోలోనో తక్కువ ఖర్చులో బ్రిడ్జిలు కట్టించుకొచ్చినవాళ్లను చూసి పెదవి విరవకండి. అక్కడ మంచి పనీ జరుగుతుంది, చెడ్డ పనీ జరుగుతుంది, ఇక్కడిలాగే. ఎప్పుడు చేయించారు, ఎక్స్‌రే ఉందా అని అడిగి, ఆ బ్రిడ్జి కింద సందు బ్రష్ ఎలా దూర్చాలో చూపించండి.

ఇక భాష. పదేళ్ల పిల్లచేత అమ్మకు అనువాదం చేయించకండి. అఫర్డబుల్ కేర్ చట్టంలోని 1557 సెక్షన్ నియమాల ప్రకారం, కేంద్రం డబ్బు అందే క్లినిక్‌లలో అత్యవసరమైతే తప్ప పిల్లల్ని దుబాసీలుగా వాడకూడదు. చట్టం సంగతి అలా ఉంచినా, "నీ పళ్లు పడిపోతాయి" అన్న మాట తల్లికి కూతురితో చెప్పించడం ఇద్దరికీ కష్టమే. ఆ పిల్ల సగం మింగేస్తుంది. ఇంకో సంగతి: పొలాల్లో పనిచేసేవాళ్లందరి మాతృభాషా స్పానిష్ కాదు. కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్, సాంతా మరియా చుట్టుపక్కల మెక్సికోలోని ఒహాకా నుంచి వచ్చినవాళ్లు మిశ్‌తెక్ మాట్లాడతారు. ఓక్లాండ్‌లో గ్వాతెమాలానుంచి వచ్చినవాళ్లు మామ్ మాట్లాడతారు. స్పానిష్‌లో అడిగితే మర్యాదకు సీ, సీ అంటారు. "ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అన్న ప్రశ్న ఫారంలో చేర్చండి. కాగితం ఇవ్వాల్సి వస్తే బొమ్మలు ఎక్కువ, అక్షరం పెద్దది, ఐదో తరగతి పిల్లాడు చదవగలిగే వాక్యాలు. అనువాదం యంత్రం చేసిందైతే స్పానిష్ మాట్లాడే పెద్దావిడ ఎవరిచేతైనా పైకి చదివించి వినండి.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ప్రొమోతోరా. అదే వీధిలో ఉండి, అదే అంగడిలో కొనుక్కునే ఆరోగ్య కార్యకర్త. మన ఆశా కార్యకర్త గుర్తొస్తే అంతకంటే వివరించక్కర్లేదు. టెక్సాస్‌లో 160 గంటల శిక్షణతో రాష్ట్రమే వాళ్లకు సర్టిఫికెట్ ఇస్తుంది. అదే టెక్సాస్‌లో సరిహద్దునున్న స్టార్ కౌంటీలో మెక్సికన్ అమెరికన్లకు షుగర్ పాఠాలు ఎలా చెప్పాలో చేసి చూపించారు. స్పానిష్‌లో, తమ ఊరి తిండితో, కుటుంబంలో ఒకరిని వెంటపెట్టుకుని రమ్మని, ఏడాదిలో 52 గంటలు బోధించారు. ఆరు నెలలకు నేర్చుకున్నవాళ్ల హెచ్‌బీఏ1సీ నేర్చుకోనివాళ్లకంటే 1.4 శాతం పాయింట్లు తక్కువగా ఉందని 2002లో ప్రచురించారు. మీ ఊరి హెల్త్ సెంటర్‌లో ఇలాంటి షుగర్ క్లాసు ఇప్పటికే జరుగుతుంటుంది. అందులో పాదాలకు ఒక గంట, కళ్లకు ఒక గంట ఉంటుంది, నోటికి చాలాచోట్ల ఏమీ ఉండదు. ఆ ఒక్క గంట మీరు అడిగి తీసుకోండి. ఒక ప్రొమోతోరాకు పైన చెప్పిన ఇరవై నిమిషాల పాఠం నేర్పండి, మోడల్ పళ్లు, పది సైజుల సందు బ్రష్‌లు ఇవ్వండి. ఆమె తడబడేచోట పక్కనుండండి, పాఠం మాత్రం ఆమెనే చెప్పనివ్వండి. పేషెంటుతోపాటు ఇంట్లో వంట చేసే మనిషినీ పిలవండి. కోత కాలంలో పగలు అపాయింట్‌మెంట్ ఇస్తే ఒకరోజు కూలి పోతుంది; సాయంత్రమో ఆదివారమో పెట్టండి. ఏ కాగితాలతో ఈ దేశంలో ఉన్నారని మీ క్లినిక్‌లో అడగకపోతే, ఆ సంగతి రిసెప్షన్‌లో ముందే చెప్పించండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. కాలిఫోర్నియాలో మెడికాల్ (ఆ రాష్ట్ర మెడికెయిడ్) 2018 జనవరినుంచి పెద్దవాళ్ల పళ్ల వైద్యాన్ని పూర్తిగా తిరిగిచ్చింది. టెక్సాస్‌లో పెద్దవాళ్లకు మెడికెయిడ్ కింద దక్కేది చాలా కొంచెం. అసలైన మెడికేర్ (ముఖ్యంగా అరవై అయిదు దాటినవారి కేంద్ర బీమా) మామూలు పళ్ల వైద్యానికి ఇవ్వదు. కేంద్ర నిధులతో నడిచే హెల్త్ సెంటర్లలో ఆదాయాన్నిబట్టి రుసుము తగ్గిస్తారు, పేదరిక రేఖకు రెండింతల ఆదాయం దాకా. పేషెంటుకు ఇది తెలియక నొప్పొచ్చేదాకా ఆగుతాడు. క్లినిక్ యజమానులు "పాఠానికి బిల్లు ఎలా?" అంటారు. డీ1330 నోటి శుభ్రత బోధనకు, డీ9994 నోటి ఆరోగ్య అవగాహన పెంచే బోధనకు, డీ0411 కుర్చీ పక్కనే చేసే హెచ్‌బీఏ1సీ పరీక్షకు ఉన్న బిల్లింగ్ కోడ్‌లు. ప్రతి బీమా చెల్లించదు. చెల్లించకపోయినా చార్టులో కోడ్ రాయండి. రాయని పని జరగనట్టే లెక్క, ఏడాది చివర నిర్వాహకులకు చూపించడానికి ఏమీ మిగలదు. వేలి చుక్కతో చేసే హెచ్‌బీఏ1సీ పరీక్షకు క్లినిక్‌కు క్లియా (ల్యాబ్ పరీక్షల కేంద్ర నియమాలు) మినహాయింపు సర్టిఫికెట్ కావాలి. 5.7 నుంచి 6.4 వస్తే ప్రీడయాబెటిస్, 6.5, అంతకు మించి ఉంటే డయాబెటిస్ అనుమానం; నిర్ధారించాల్సింది ఫిజీషియనే. పాకెట్లున్నా షుగర్ లేదనే నలభై దాటిన మనిషికి ఈ ఒక్క చుక్క అడగడం మీ చేతిలో ఉన్న పని.

ఫిజీషియన్‌కు రాసే చీటీ నాలుగు వాక్యాలు దాటకూడదు, లేకపోతే చదవరు. ఎన్ని చోట్ల నాలుగు మిల్లీమీటర్లు, అంతకు మించి లోతుంది, రక్తం వస్తోందా, చీము పట్టిందా, ఏ రోజున క్లీనింగ్ మొదలవుతుంది, చివరి హెచ్‌బీఏ1సీ ఎంతో పంపండి. అంతే. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ప్రమాణాలే షుగర్ ఉన్నవాళ్లను ఏడాదికోసారైనా పళ్ల పరీక్షకు పంపమంటున్నాయి కాబట్టి అటునుంచి కూడా పంపమని అడిగే హక్కు మీకుంది. క్లీనింగ్ అయిన నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్లీ ప్రోబ్ చేయండి, పాత అంకె పక్కన కొత్త అంకె పేషెంటు కళ్లముందే రాయండి. ఆ తర్వాత మూడు నెలలకోసారి పిలవండి. ఆ తేదీని ఫిజీషియన్ చేయించే మూడు నెలల షుగర్ పరీక్ష వారంలోనే పెట్టించండి, అప్పుడు ఒకే సెలవురోజుతో రెండు పనులూ అయిపోతాయి.

ఇట్లు,
లాటినో కుటుంబాల మధ్య నోటి ఆరోగ్య బోధన చేస్తున్న తెలుగువాళ్లం